కారులో వణుకు

సాయంత్రం ఎర్ర కొక్కేనికి తగిలించి వెళ్ళిన తాళం, పొద్దున వచ్చి చూసేసరికి పచ్చ కొక్కేనికి వేలాడుతోంది. మడమయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఆ కార్ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ షెడ్డు తలుపు పక్కన గోడకి రెండు కొక్కేలుంటాయి. ఎర్రదానికి ఏ బండి తాళం వేలాడితే ఆ బండి గేటు దాటదు. పచ్చదానికి వేలాడితే ఇక దాన్ని ఆపేవాడు లేడు. ఏ తాళం దేనికి తగిలించాలో తేల్చేది బండి తోలి చూసిన టెస్టు డ్రైవరు ఒక్కడే. మేనేజరైనా సరే, అతన్ని అడక్కుండా తాళం ముట్టుకోడు. ఈ సంగతి ఎక్కడా రాసిపెట్టి లేదు. గోడలకు అంటించిన రూళ్ళు ఎన్నో గాలికి కొట్టుకుపోయాయి గానీ, రాయని ఈ ఒక్కటి మాత్రం అలాగే నిలిచింది. నిన్న సాయంత్రం దాకా.

మడమయ్య అన్నది ఆయన పేరు కాదు. బండెక్కగానే ఎడమ కాలి బూటు, మేజోడు విప్పేసి, ఒట్టి మడమ నేలకు ఆనించి కూర్చుంటాడు. క్లచ్ లేని బండ్లు కనుక ఆ కాలికి వేరే పనేమీ లేదు. ఇంజనులో ఏం జరిగినా, చక్రంలో ఏం జరిగినా ముందు మడమకి తెలుస్తుందనీ, ఆ తర్వాతే చెవికి తెలుస్తుందనీ ఆయన వాదన. మొదట్లో నవ్వడానికి పెట్టిన పేరు పోనుపోను మర్యాద పేరయి కూర్చుంది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెంటనే పలకడు.

ఆ మడమే నిన్న కొత్త వ్యానులో ఒక తేడా పట్టింది. షెడ్డు వెనక ఏటవాలు రోడ్డు ఎక్కుతూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే బండి నేల అటూ ఇటూ సన్నగా వణికింది. వేగం అందుకోగానే ఆ వణుకు మాయమైంది. మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ వచ్చింది. ఇంజను వణుకైతే బండి నిలబడి ఉన్నప్పుడూ ఉండాలి, చక్రం వణుకైతే వేగం పెరిగేకొద్దీ పెరగాలి. ఇది రెండూ కాదు. ఇంజను బలాన్ని చక్రానికి చేరవేసే కడ్డీలో, ఆ కడ్డీ చివర జాయింటులో ఉందని ఆయనకు నమ్మకం. ఆ మాటే షెడ్డులో అందరికీ చెప్పి, తాళం ఎర్ర కొక్కేనికి తగిలించి ఇంటికెళ్ళాడు.

ఇవాళ తాళం మారి ఉండటం చూసి, సెక్షన్ హెడ్ గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళాడు. ఆ హెడ్డు చెడ్డమనిషేం కాదు. పైవాళ్ళకీ కిందివాళ్ళకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి, ఎవరితో ఏం మాట్లాడినా ముందు బతిమాలుతున్నట్టు నవ్వుతాడు. ఇప్పుడూ నవ్వాడు. తాళం మార్పించింది తనేనని ఒప్పుకున్నాడు. రాత్రి, బండ్ల వణుకుని యంత్రంతో కొలిచే మీటర్లాయన తన మీటరు పెట్టె పట్టుకెళ్ళి అదే ఏటవాలు మీద అదే బండి తోలి చూశాడట. తెర మీద గీత గీసినట్టు తిన్నగా వచ్చిందట. వచ్చే వారం మొదటి విడత బండ్లు బయటికి వెళ్ళకపోతే తన తల తెగి పడుతుందట.

"అంటే నా మాటకి విలువ లేదా?" అన్నాడు మడమయ్య.

హెడ్డు కళ్ళు బల్ల మీద ఆనించిన మడమయ్య చేతుల మీదికి దిగి, అక్కడే కాసేపు ఆగాయి. మడమయ్య చూపు కూడా అటే పోయింది. చేతులు తీసి వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరేం అనుకోనంటే ఒక మాట," అన్నాడు హెడ్డు మెల్లిగా. "ఈ మధ్య మీ చెయ్యి కాస్త వణుకుతోందని మనవాళ్ళే అంటున్నారు. వణుకు బండిలో ఉందో, మీలో ఉందో... ఓసారి డాక్టరుకి చూపించుకోకూడదూ?"

ఆ తర్వాత హెడ్డు చెప్పినదాంట్లో మడమయ్య చెవికి సగమే ఎక్కింది. సారాంశం ఇది: మీటరు ఒప్పుకోకుండా ఇంకోసారి ఆ బండిని ఎర్ర కొక్కేనికి వేస్తే, ఆయన్ని టెస్టింగులోంచి తీసి యార్డుకి మార్చేస్తారు. యార్డులో పనంటే తయారైన బండ్లను ఒక వరసలోంచి ఇంకో వరసలోకి నెమ్మదిగా నడిపి పెట్టడం. పార్కింగు పని. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

షెడ్డులోకి వచ్చేసరికి మాటలాగిపోయాయి. అందరూ ఒక్కసారిగా పనిమంతులైపోయారు. ఒళ్ళు మండిపోయింది మడమయ్యకు. తాళం మళ్ళీ ఎర్ర కొక్కేనికి మార్చేద్దామని చెయ్యి చాచాడు గానీ, అంతమంది చూస్తుండగా చాచిన ఆ చేతిని తనే అనుమానంగా చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. ఇదే ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికొచ్చాడు. భార్య తమ్ముడు, అదే ఫ్యాక్టరీలో జాయింట్లు బిగించే విభాగంలో పెద్ద ఫిట్టరు. నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. వణుకు జాయింటులో ఉందంటే తన చేతిలో ఉన్నట్టేనట. ఒక్కో జాయింటు కప్పులో గోళీలను పట్టి ఉంచే చట్రాన్ని, అదే కేజిని, అడ్డంగా వంచి, కంతలోంచి గోళీలను ఒక్కొక్కటే దోపి, గ్రీజు నింపి, పైన రబ్బరు తొడుగు వేసి బిగించేదాకా తను టీ కూడా ముట్టడట. అలాంటిది సొంత బావే పదిమందిలో తన పని మీద మన్ను పోస్తాడా?

"నీ పని మీద నేనేమన్నాన్రా? వణుకుందన్నాను. అంతే."

"జాయింటు అన్నావుగా బావా! ఆ జాయింటు బిగించిందెవరు, ఎదురింటాయనా?"

మాటకు మాట పెరిగింది. భార్య మధ్యలోకి రాలేదు. టీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. తమ్ముడి గ్లాసు నిండుగా ఉంది. మొగుడి గ్లాసు సగం దాటి కాస్త ఉంది. మడమయ్య అసలే మంట మీదున్నాడు.

"పుట్టింటివాళ్ళకైతే నిండుగా పోస్తావ్, నాకు మాత్రం అడుగునా?"

ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళిపోతే ఆ మాట అక్కడితో పోయేది. ఎప్పుడూ అలాగే పోతుంది. ఇవాళ మాత్రం గుమ్మం దగ్గర ఆగింది.

"కారు సంగతి నాకు తెలీదండీ. గ్లాసు సంగతి తెలుసు. నిండుగా పోస్తే మీ చొక్కా మీద పడుతోంది. చాన్నాళ్ళయింది."

బావమరిది నోరు మూతపడింది. అతనికి అలా జరగడం అరుదు. ఏదో పనుందని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. మడమయ్య ఆ టీ తాగలేదు. అది చల్లారి మీగడ కట్టేదాకా దానికేసి చూస్తూ కూర్చుని, చివరికి ఊరంతా కట్టగట్టుకుని తన మీద పడిందనీ, ఆ ఊళ్ళో తన ఇల్లు కూడా ఉందనీ తేల్చుకున్నాడు.

మర్నాడు షెడ్డుకి ఒకమ్మాయి వచ్చింది. ఆ వ్యానుకి జాయింట్లు గీసింది ఆమే. డిజైను విభాగంలో కూర్చుంటుంది, షెడ్డుకి రావడం తక్కువ. మాట్లాడేముందు పెన్ను మూత కొరుకుతుంది. పెన్ను మూత కొరుకుతూనే అడిగింది, వణుకు తనకి చూపిస్తారా అని.

"మీటరులో లేదుగా," అన్నాడు మడమయ్య ముభావంగా.

"మీటరు సంగతి మీటర్లాయన చూసుకుంటాడు బాబాయ్. జాయింటు నాది. నాకు చూపించండి."

ఆ మాట ఆయనకు నచ్చింది. పైకి చెప్పలేదు. షెడ్డు మూలనున్న ఇసుక మూటలు ఈడ్చుకొచ్చి వ్యాను వెనక సీటు మీద పడెయ్యడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి కాసేపు చూసి, ఎప్పుడూ ఇలాగే పెడతారా అని అడిగింది. కుటుంబాలు కొనుక్కునే బండమ్మా ఇది, వెనక అత్తా, ఆడపడుచూ, సామాన్లూ లేకుండా ఎవడు తిరుగుతాడు, అన్నాడాయన. ఆమె నవ్వి, మూటల మధ్య ఇంకో మూటలా ఇరుక్కుని కూర్చుంది.

ఏటవాలు మొదట్లో బండి ఆపి, పూర్తిగా తొక్కాడు. బండి ముక్కు పైకి లేచింది. నేల వణికింది.

"ఆపకండి," అంది ఆమె. పై దాకా వెళ్ళాక, "మళ్ళీ" అంది. మూడోసారి కిందికొచ్చాక మూటల మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వణుకు ఉందని ఒకరు ఒప్పుకున్నారన్న సంతోషంలో మడమయ్య ఆ సంగతి కాస్త ఆలస్యంగా గమనించాడు. ఆమె ఒప్పుకుంటున్నది తన తప్పునే.

ఆ తర్వాత ఆమె నేరుగా మీటర్లాయన దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ఆ రాత్రి బండి తోలినప్పుడు వెనక సీట్లో మూటలున్నాయా? మీటర్లాయన తెల్లమొహం వేశాడు. మూటలుంటే తన పెట్టె ఎక్కడ పెట్టుకోవాలి? కింద పెడితే కుదుపుకి గీత చెడుతుంది. అందుకని మూటలు దించి, వాటి చోట పెట్టె పెట్టుకున్నాడు. అందరూ పప్పులో కాలేసింది అక్కడ. ఇందులో ఆయన్ని ఒక్కడినే అనడానికీ లేదు. మూటలతోనే తోలానని మడమయ్య కూడా ఎవరికీ చెప్పలేదు. అది అందరికీ తెలిసిన సంగతే అనుకున్నాడు.

మూటలుంటే ఏమవుతుందో ఆ మధ్యాహ్నం బావమరిది పని బల్ల దగ్గర తేలింది. ఆమె కడ్డీ ఒకటి విప్పించింది. చక్రం వైపు చివర గోళీల జాయింటు, ఇంజను వైపు చివర రోలర్ల జాయింటు. బావమరిది రెండింటినీ గుడ్డతో తుడిచి, పెళ్ళి చూపులకు కూర్చోబెట్టినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. మడమయ్య ఇటు, బావమరిది అటు నిలబడ్డారు. నిన్నటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆమె గోళీల జాయింటు చేతిలోకి తీసుకుని కడ్డీని వంచి తిప్పింది. వంగిన కడ్డీ, తిన్నని కడ్డీ రెండూ ఒకే వేగంతో తిరగాలంటే గోళీలన్నీ ఎప్పుడూ ఆ వంపుకి సరిగ్గా సగంలో నిలబడాలని చెప్పింది. ఇటు కడ్డీకీ అటు కడ్డీకీ సమానంగా. ఏ కాస్త ఒకవైపు మొగ్గినా ఒక చుట్టులోనే కడ్డీ ఓసారి తొందరపడి, ఓసారి వెనకబడుతుంది. గోళీలను ఆ సగంలో నిలబెట్టడమే కేజి పని. ఇందులో ఏ లోపమూ లేదు.

"బిగింపులో కూడా లేదు," అంది బావమరిదికేసి చూసి. అతను ఊపిరి వదిలాడు.

తర్వాత రోలర్ల జాయింటు తీసింది. మూడు చేతులు, ఒక్కోదానికి ఒక్కో రోలరు, రోలరు జారడానికి ఒక్కో గాడి. చక్రం కిందికీ పైకీ ఊగుతుంటే కడ్డీ పొడవు సర్దుకోవడానికి ఇవి లోపలికీ బయటికీ జారుతూ ఉండాలి. వంపు తక్కువున్నంతసేపు రోలరు గాడిలో తిన్నగా దొర్లుతుంది. వెనక బరువు పడి, తొక్కుడుకి ముక్కు లేస్తే వంపు పెరుగుతుంది. అప్పుడు రోలరు గాడిలో ఏటవాలుగా ఇరుక్కుని, దొర్లడం మానేసి ఈడ్చుకుంటుంది. ఈడ్చుకున్నప్పుడల్లా బండిని పక్కకి తోస్తుంది. మూడు రోలర్లు గనక చుట్టుకి మూడు తోపులు.

"ఖాళీ బండికి లెక్కేసి, నిండు బండిని మర్చిపోయాను," అంది పెన్ను మూత నోట్లోంచి తీసి. "మీ మడమ చెప్పింది నిజమే బాబాయ్."

బావమరిది మొహం వెలిగిపోయింది. మడమయ్య భుజం మీద గ్రీజు చేత్తోనే ఒక్కటి చరిచి, తప్పు తన చేతిది కాదని ఇప్పుడైనా ఒప్పుకోమన్నాడు. మడమయ్య చొక్కా నాశనమైంది. ఆయనకు నవ్వొచ్చింది.

మీటర్లాయన ఈసారి ముందు సీట్లో కూర్చుని పెట్టెను చంటిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకున్నాడు. మూటలు వెనకున్నాయి. తెర మీద గీత ఎగిరెగిరి పడింది. సాయంత్రం హెడ్డు స్వయంగా వచ్చి పచ్చ కొక్కెం మీది తాళం తీసి ఎర్రదానికి తగిలించాడు. మడమయ్యకేసి తిరిగి బతిమాలే నవ్వు నవ్వాడు. యార్డు ఊసెత్తలేదు. డాక్టరు ఊసూ ఎత్తలేదు. మొదటి విడత వాయిదా పడింది, హెడ్డు తల మాత్రం తెగిపడలేదు.

ఆ రోజు మడమయ్య ఇంటికి నడిచి రాలేదు, తేలివచ్చాడు. గుమ్మంలోనే భార్యని పిలిచి జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. మూటల దగ్గర గొంతు పెంచాడు. తెర మీద గీత ఎగిరిన దగ్గర చేతులు గాల్లో ఊపి చూపించాడు. "చూశావా? అందరూ నా చెయ్యి అన్నారు!" అన్నాడు. ఆవిడ చివరిదాకా నిలబడే విని, నిజంగానే సంతోషపడింది. కళ్ళలో కనిపించింది. తర్వాత లోపలికెళ్ళి టీ తెచ్చింది. గ్లాసు సగం దాటి కాస్త ఉంది. ఆయన చూశాడు. ఈసారి ఏమీ అనలేదు.

ఆ అమ్మాయి ఇల్లు మర్చిపోయి పనిచేసింది. అంతకుముందు గీసి, చోటు చాలదని పక్కన పడేసిన బొమ్మ ఒకటి బయటికి తీసింది. ఇందులో రోలరు బయట ఇంకో ఉంగరం ఉంటుంది. చెయ్యి ఎంత ఒరిగినా ఉంగరం గాడిలో తిన్నగానే ఉంటుంది, ఒరుగుడంతా లోపలే సర్దుకుంటుంది. కప్పు కాస్త లావైంది. లావైన కప్పుకి చోటివ్వడానికి ఇంజను విభాగం ససేమిరా అంటే, హెడ్డు వెళ్ళి తన నవ్వంతా అక్కడ ధారపోసి వచ్చాడు. కొత్త జాయింట్లు తయారై వచ్చాక బావమరిది ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా తనే బిగించాడు. మీటర్లాయన మూటలతో, మూటల్లేకుండా, సగం మూటలతో కొలిచాడు. గీత తిన్నగా వచ్చింది.

అయినా ఎవరూ తాళం ముట్టుకోలేదు. మడమయ్య కోసం చూస్తూ నిలబడ్డారు.

"మీటరు మాట విన్నాం. ఒకసారి విని బుద్ధొచ్చింది," అన్నాడు హెడ్డు అందరి ముందూ. "మీరు తోలి చెప్పండి. మీరు ఉందంటే ఉన్నట్టే. మళ్ళీ మొదటి నుంచి గీయిస్తాం."

ఇంతకంటే ఏం కావాలి మనిషికి? ఒక్క మాటకి ఇంతమంది చెవులొగ్గి నిలబడటం ఆ షెడ్డులో ఆయన ఎన్నడూ ఎరగడు. గుండె నిండిపోయింది. బూటు విప్పి బండెక్కాడు. ఆ అమ్మాయి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. వెనక మూటలున్నాయి.

ఏటవాలు మొదట్లో ఆపి, పూర్తిగా తొక్కాడు. ముక్కు లేచింది. మడమ కింద నేల నిండు చెరువులా ఉంది. బండి ఏ బరువూ లేనట్టు ఎక్కింది. అద్భుతంగా చేసిందీ పిల్ల, అనుకున్నాడు. అనుకుంటూండగానే చేతులకి తెలిసింది.

స్టీరింగులో వణుకు. సన్నగా, ఆగకుండా.

ఏమీ అనకుండా కిందికి దింపి మళ్ళీ ఎక్కించాడు. నేలలో లేదు, సీటులో లేదు. స్టీరింగులో ఉంది. ఈసారి మెల్లిగా ఎక్కించాడు. వంపు తక్కువున్నా ఉంది. ఏటవాలు పైన చదునులో బండి ఆపాడు. ఆగిన బండిలో కూడా ఉంది. ఇంజను పాడుగాను, అదేమోనని తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. చుట్టూ నిశ్శబ్దమైపోయింది. స్టీరింగు మీద ఆయన కుడి చెయ్యి, చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా, అలాగే వణుకుతోంది.

ఎడమ చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. వదిలాడు. వణికింది. భయం వేసింది ఆయనకు. ముసలితనానికి కాదు, జబ్బుకీ కాదు. ఇన్నాళ్ళూ ఎన్ని బండ్లకి ఈ చేత్తోనే తాళం తగిలించాడో, అందులో ఎన్నిటికి బండి తప్పు, ఎన్నిటికి చేతి తప్పు అన్న ఆలోచన ఒక్కసారిగా మీదపడింది. వ్యానుది మడమ పట్టింది, అది నిజం. మిగతావి?

"ఉందా బాబాయ్?" అంది ఆ అమ్మాయి. ఆమె రోడ్డుకేసే చూస్తోంది. పెన్ను మూత నోట్లో ఉంది గానీ కొరకడం లేదు. ఆయన ఉందంటే ఆమె పడిన కష్టమంతా చిత్తుకాగితం. ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు. మీటర్ని కూడా నమ్మరు. లేదని ఊరుకుంటే ఆయన కుర్చీ ఆయనదే, ఇప్పుడున్నంత గట్టిగా అది ఎప్పుడూ లేదు.

"జాయింటులో లేదమ్మా," అన్నాడు.

ఆమె గట్టిగా ఊపిరి వదిలి నవ్వుతూ ఆయనవైపు తిరిగింది. ఆ మాట ఆయన ఎందుకలా అన్నాడో చెయ్యి చూశాక అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. ఏదో అనబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"హెడ్డుకి నేనే చెప్తాలే. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తాను, మీ పిన్నిని తోడు తీసుకుని. ముందు నువ్విటు రా."

ఇద్దరూ దిగి సీట్లు మారారు. టెస్టు బండిని ఆయన ఉండగా ఇంకొకరు తోలడం ఆ ఫ్యాక్టరీలో ఇంతవరకూ లేదు. ఆమె సీటు ముందుకి జరుపుకుని, అద్దం సర్దుకుని, మళ్ళీ ఓసారి సర్దుకుంది. ఆయన పక్క సీట్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. దాచుకోలేదు. బండి కదిలింది. ఆమె మరీ జాగ్రత్తగా, కాలు ఆనీ ఆనకుండా తోలుతోంది. దూరంగా షెడ్డు గుమ్మంలో నిలబడ్డవాళ్ళు డ్రైవరు సీట్లో ఎవరున్నారో గుర్తుపట్టి ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

"కాస్త గట్టిగా తొక్కమ్మా," అన్నాడు మడమయ్య. "భయం లేదు. బండి మంచిది."